గేరు మార్చే ముహూర్తం

హైదరాబాదునుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని పడమరగా పోతే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి వరసగా తగులుతాయి. లోగడ తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, యిప్పుడు 65వ నంబరు. రోడ్డుకు రెండువైపులా కార్ఖానాలు. యీ ప్రాంతంలో ‘షిఫ్టు’ అనే మాట వినబడితే ఎవరైనా కార్ఖానా షిఫ్టే అనుకుంటారు. నేను చెప్పబోయేది మరో షిఫ్టును గూర్చి. గేరు కర్రను ఒక మెట్టునుంచి మరో మెట్టుకు మార్చే షిఫ్టు.

సాయంకాలం యే టీ కొట్టు దగ్గరో నిలబడి కళ్ళు మూసుకుని వినండి. సరుకు నింపుకున్న లారీ గేటు దాటి రోడ్డెక్కుతుంది. ఇంజను గొంతు పెంచుతుంది, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది, మళ్ళీ బొంగురు గొంతుతో మొదలు పెడుతుంది. అంటే గేరు పడిందన్నమాట. కొందరు డ్రైవర్ల చేతిలో యిది పాట పాడినట్టు సాగుతుంది. మరి కొందరి చేతిలో బండి మూలుగుతుంది. అప్పుడు పక్కనున్న క్లీనరు ఊరుకోడు. “బండి గుంజుతలేదు ఉస్తాద్, గేరు దించు” అంటాడు. ఆ కుర్రవాడు ఏ పుస్తకమూ చదవలేదు. వాడికి చెవే మీటరు.

ఐతే లారీకి పనికివచ్చిన చెవి పరుగు పందెపు కారుకు పనికిరాదు. అసలు చిక్కంతా అక్కడే వుంది. లారీ డ్రైవరుకు కావలసింది డీజిలు పొదుపు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ, బరువు లాగుతూ పోతే చాలు. అందుకే చాలా లారీల మీటరు మీద ఒక పచ్చ పట్టీ గీసి వుంచుతారు, ముల్లు అందులోనే వుండాలని. పందెపు కారులో కూర్చున్నవాడికి కావలసింది సెకనులో పదోవంతు. అది యెక్కడ దొరుకుతుందో చెవి చెప్పదు. పైపెచ్చు తప్పు చెబుతుంది కూడ.

సంగారెడ్డి జిల్లాలోనే రెండు రకాల ఇంజన్లకు ఉదాహరణలున్నాయి. జహీరాబాదులో మహీంద్రా వారి ట్రాక్టర్ల కార్ఖానా వుంది. ట్రాక్టరు ఇంజను నిమిషానికి 2,000 చుట్ల చుట్టుపక్కల తిరుగుతూ నాగలిని లాగుతుంది. ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఆయుధ కర్మాగారంలో సైన్యానికి ‘శరత్’ అనే కవచ వాహనాలు తయారవుతాయి. దాని డీజిలు ఇంజనుకు 300 అశ్వశక్తులు. కొన్ని స్పోర్ట్స్ కార్లకు కూడ అంత వుండదు! కాని వాహనం బరువు సుమారు 14 టన్నులు, ఇంజను 2,600 చుట్లు దాటి పనిచెయ్యదు. అంచేత అశ్వశక్తి ఎంత అన్న ఒక్క ప్రశ్నతో ఏమీ తేలదు. ఆ శక్తి ఎన్ని చుట్ల దగ్గర పుడుతుంది, దాన్ని చక్రందాకా ఏ గేరు మోసుకుపోతుంది అన్నవే అసలు ప్రశ్నలు.

టార్కు, అశ్వశక్తి అనే రెండు మాటలు మెకానిక్ షెడ్లలో రోజూ వినబడతాయి. రెండింటికీ తేడా చెప్పమంటే మాత్రం చాలామంది బుర్ర గోక్కుంటారు. పటాన్‌చెరు గోడౌనులో ఇద్దరు హమాలీలున్నారనుకోండి. ఒకడు బలశాలి, తడవకు రెండు బస్తాలెత్తుతాడు, కాని గంటకు పది తడవలే తిరుగుతాడు. రెండోవాడు బక్కవాడు, తడవకు ఒక్క బస్తాయే, కాని గంటకు ఇరవై ఐదు తడవలు తిరుగుతాడు. తడవకు ఎత్తే బరువు టార్కు. గంటకు తడవలు ఇంజను చుట్లు. గంట తిరిగేసరికి లారీలో పడిన బస్తాలు అశ్వశక్తి. బలశాలి ఇరవై వేశాడు, బక్కవాడు ఇరవై ఐదు. మేస్త్రీ ఎవడికి ఎక్కువ కూలి యిస్తాడో చెప్పనక్కరలేదు.

ఇంజను కూడ అంతే. టార్కును నిమిషపు చుట్లతో గుణించి 7,024తో భాగిస్తే అశ్వశక్తులు వస్తాయి. టార్కును న్యూటన్ మీటర్లలో కొలిచినప్పటి లెక్క యిది. ఇంజను వేగం పెరిగినకొద్దీ టార్కు ఒక హద్దు దాకా పెరిగి, తరువాత తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందంటే, ఊపిరాడక. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 50 సార్లు గాలి పీల్చుకోవాలి. ఒక్కొక్క పీల్పుకు వాల్వు తెరిచివుండే కాలం సెకనులో నూరోవంతు కూడ లేదు. గాలి లోపలికి దూరే లోపలే తలుపు మూసుకుంటుంది. ఐనా చుట్ల సంఖ్య పెరుగుతూనే వుంది గనుక, టార్కు కొంత తగ్గినా అశ్వశక్తి ఇంకా పెరుగుతూనే వుంటుంది. టార్కు శిఖరం ఒకచోట, అశ్వశక్తి శిఖరం మరికొంచెం పైన. దానికీ పైన ఎర్రగీత. అది దాటితే ఇంజనుకు ప్రమాదం.

యిప్పుడు ప్రశ్న. గేరు ఎక్కడ మార్చాలి? టార్కు శిఖరం దగ్గరనే అనేవారు కొందరు. అక్కడ బండి వీపును సీటుకు గట్టిగా నొక్కుతుంది కాబట్టి, అంతకు మించి లాగటం వృథా అని వారి వాదం. అశ్వశక్తి శిఖరం దగ్గర అనేవారు కొందరు. ఎర్రగీత దాకా తొక్కి పట్టటమే మగతనం అనుకునే కుర్రకారు మిగిలినవారు. ముగ్గురిలో మొదటివారు పూర్తిగా తప్పు. రెండోవారూ తప్పే, కాని కొంచెం తక్కువ. మూడోవారు కొన్ని గేర్లలో ఒప్పు, కొన్నింటిలో తప్పు.

లెక్క చూద్దాం. కాగితం మీద ఒక కారు తయారు చేసుకుందాం. దాని టార్కు 4,500 చుట్ల దగ్గర 200 న్యూటన్ మీటర్లు, అదే శిఖరం. 5,000 దగ్గర 198, 6,000 దగ్గర 182, 6,500 దగ్గర 168, ఎర్రగీత 7,000 దగ్గర 150. అశ్వశక్తి లెక్కకడితే 4,500 దగ్గర 128. 6,000 నుంచి 6,500 దాకా 155. 7,000 దగ్గర మళ్ళీ 149. గేర్ల నిష్పత్తులు: ఒకటోది 3.4, రెండోది 2.0, మూడోది 1.45, నాలుగోది 1.15, ఐదోది 0.95. అంటే రెండో గేరులో ఇంజను బలం రెండు రెట్లై బయటికి వస్తుంది, మూడోదానిలో ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువ.

రెండో గేరులో పోతూ, టార్కు శిఖరమైన 4,500 దగ్గర మూడో గేరు వేశామనుకోండి. మార్చకముందు లాగుడు 200ను రెండుతో గుణిస్తే 400. మార్చగానే ఇంజను సుమారు 3,260 చుట్లకు పడిపోతుంది. అక్కడ టార్కు 188 అనుకుందాం. దాన్ని 1.45తో గుణిస్తే 273. ఒక్క దెబ్బతో మూడోవంతు లాగుడు మాయం! అదే రెండో గేరులో ఆగివుంటే? 6,500 దగ్గర కూడ 336 వుంది. ఎర్రగీత అంచున, ఇంజను ఆపసోపాలు పడుతూ అరుస్తున్నప్పుడు కూడ 300 వుంది. అక్కడ మారిస్తే ఇంజను 5,075కు దిగుతుంది, మూడో గేరులో లాగుడు 286. అప్పటికీ రెండో గేరుదే పైచెయ్యి. కనుక యీ కారులో రెండునుంచి మూడుకు ముహూర్తం ఎర్రగీత దగ్గరే. ఒకటినుంచి రెండుకు ఐతే చెప్పనే అక్కరలేదు. ఎర్రగీత దగ్గర 510 వున్న లాగుడు మార్చగానే 392 అవుతుంది.

చెవి మోసం చేసేది యిక్కడే. 4,500 దాటాక లాగుడు తగ్గుతున్నట్టు వీపుకు తెలుస్తుంది, ఇంజను గోల పెరుగుతున్నట్టు చెవికి తెలుస్తుంది. ‘చాలు, మార్చు’ అని రెండూ కలిసి సాక్ష్యం చెబుతాయి. తగ్గిన లాగుడు కూడ పై గేరు యిచ్చేదానికంటె ఎక్కువేనన్న సంగతి ఆ సాక్షులకు తెలియదు.

పై గేర్లకు వచ్చేసరికి కథ మారుతుంది. మూడుకూ నాలుగుకూ మధ్య మెట్టు చిన్నది. 7,000 దగ్గర మూడో గేరు లాగుడు 217, మార్చాక నాలుగోదానిలో 219. దాదాపు సమానం. నాలుగునుంచి ఐదుకు మెట్టు ఇంకా చిన్నది. 6,500 దగ్గర నాలుగో గేరుదే పైచెయ్యి: 193కు 184. 7,000 దాకా పట్టి వుంచితే తారుమారు: 172కు 177. రెండూ సరిసమానమయ్యేది 6,800 దగ్గర. అక్కడే మార్చాలి. ఎర్రగీత దాకా తొక్కినవాడు ఆ చివరి 200 చుట్లలో నష్టపోతాడు.

కనుక కారుకంతటికీ ఒకే ముహూర్తం లేదు. గేరు గేరుకూ వేరు. సూత్రం మాత్రం ఒక్కటే. మార్చే క్షణానికి ముందు వున్న అశ్వశక్తి, మార్చిన తరువాత దొరికే అశ్వశక్తి, యీ రెండూ సమానమయ్యే చోట మార్చాలి. అలాంటి చోటు ఎర్రగీత లోపల లేకపోతే ఎర్రగీత దగ్గరే మార్చాలి. కొండ శిఖరానికి ఆవలివైపు కొంత దూరం దిగి, ఒక్క గెంతుతో యివతలివైపు అదే ఎత్తులో వాలటం లాంటిది. గెంతు చిన్నదైతే కొంచెం దిగితే చాలు. పెద్దదైతే చాలా దూరం దిగాలి.

కాగితం మీద యింతే. రోడ్డు మీద మరికొన్ని వున్నాయి.

గేరు కర్ర కదలటానికి కాలం పడుతుంది. చేయి తిరిగినవాడికి కూడ సెకనులో మూడో వంతో, సగమో. ఆ కాలమంతా ఇంజనుకూ చక్రానికీ సంబంధం లేదు. గంటకు 97 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 27 మీటర్లు పోతాం. 0.4 సెకను పోయిందంటే, 11 మీటర్లు ఊరికే దొర్లామన్నమాట. ఎదురుగా వంపు వుండి, మరో రెండు క్షణాల్లో బ్రేకు తొక్కవలసి వున్నప్పుడు ముహూర్తం వచ్చింది కదా అని గేరు వెయ్యటం తెలివితక్కువ పని. ఎర్రగీత అంచున ఒక్క ఘడియ కాలిని తేలికగా పట్టి ఆ కింది గేరులోనే వంపులోకి పోవటం మేలు.

మీటరు ముల్లు సోమరిది. ఒకటో గేరులో ఇంజను ఎంత చురుకుగా లేస్తుందంటే, ముల్లు 6,700 చూపే వేళకు లోపల 7,000 కావచ్చు. అందుకే పందెపు కార్లలో ముల్లును నమ్మక, కంటి ఎదుట ఒక దీపం పెడతారు. దీపం వెలిగే చోటును కూడ కొంచెం ముందుకు జరుపుతారు. చూసిన కన్ను చేతికి చెప్పటానికి కూడ కాలం కావాలి గదా.

ఇక టైర్ల సంగతి. ముంబై రోడ్డు మీదే సంగారెడ్డి దాటి సదాశివపేట చేరితే ఆ పక్కన ఎమ్మారెఫ్ వారి టైర్ల కార్ఖానా కనబడుతుంది. దేశంలో మోటారు పందాలను చాలా కాలంగా పోషిస్తున్న సంస్థల్లో అదొకటి. టైరు ముందు ఇంజను లెక్కలన్నీ తలవంచవలసిందే. మన కాగితపు కారు బరువు వెయ్యి కిలోలు, వెనుక చక్రాల మీద ఆనేది ఆరు వందలు అనుకోండి. ఒకటో గేరులో టార్కు శిఖరం దగ్గర, రాపిడికి పోయింది పోగా చక్రం అంచున 800 కిలోలకు పైగా లాగుడు వస్తుంది. పొడి రోడ్డు మీదే టైరు పట్టు చాలదు. చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. వాన పడితే ఇక చెప్పేదేముంది! అటువంటప్పుడు ఆరితేరినవారు కావాలనే తొందరగా పై గేరు వేస్తారు. లాగుడు తగ్గటమే అప్పుడు లాభం. వంపు మధ్యలో ఎర్రగీత తగిలి, గేరు మార్చే కుదుపుకు బండి తోక విసరకుండా ముందే మార్చుకోవటం కూడ యిటువంటిదే.

పైకి మార్చటంలో తప్పు చేస్తే పోయేది కాలం. కిందికి మార్చటంలో తప్పు చేస్తే పోయేది ఇంజను. మన కారు ఐదో గేరులో 6,000 చుట్లతో పోతూ వుంది. నాలుగో గేరు వెయ్యబోయి, తొందరలో కర్ర రెండో గేరులో పడింది. క్లచ్చి వదలగానే చక్రాలు ఇంజనును 12,600 చుట్లకు తిప్పటానికి ప్రయత్నిస్తాయి. ఎర్రగీత దగ్గర పెట్రోలు ఆపే ఏర్పాటు వుంది కదా అనవచ్చు. అది ఇంజను తనంతట తాను పరుగెత్తకుండా ఆపగలదు గాని, చక్రాలు మెడబట్టి పరుగెత్తిస్తుంటే ఏం చేస్తుంది? వాల్వులు మూసుకోకముందే పిస్టన్లు వచ్చి తగులుతాయి. తరువాత షెడ్డులో విప్పి చూసినప్పుడు కనబడేది పాత సామాను. యీ పొరపాటును తప్పించటానికి కూడ నేటి పందెపు కార్లలో అంచెలంచెలుగా తప్ప గేరు పడని పెట్టెలు వాడుతున్నారు.

మన దేశంలో యీ విద్య నేర్పిన బడి ఒకటి వుంది. మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు వెళ్ళే దారిలో షోలవరం అనే చోట యుద్ధకాలపు విమానాల పట్టీ మీద ఏళ్ళ తరబడి పందాలు జరిగాయి. అక్కడ నడిపినవాళ్ళలో కరివర్ధన్ ఒకరు. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టినవాడు. 1980ల చివర ఆయన మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారు తయారుచేశాడు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. యింట్లో కూరగాయలకు పోయే కారుదే! పందెంలో అందరికీ అదే ఇంజను. బలం తక్కువ గనుక, ఒక్క గేరు తప్పు చోట మార్చినవాడు ఆ పోగొట్టుకున్న వేగాన్ని మళ్ళీ కూడగట్టుకునే సరికి దారి అయిపోతుంది. డబ్బున్నవాడు పెద్ద ఇంజను కొని గెలిచే వీలు లేదు. కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ మొదట పందెమాడింది యీ ఫార్ములా మారుతి బండిలోనే. 2005లో అతను ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ ఆ రోజు చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు దగ్గరి పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

హైదరాబాదుకు పందెపు కార్లు వచ్చింది మొన్న మొన్ననే. 2022 నవంబరు, డిసెంబరు నెలల్లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ వారు ఇటలీ వోల్ఫ్ కార్లు దింపారు. 1,100 సీసీ అప్రిలియా ఇంజను, గేర్లు, గోల, అన్నీ వున్న కార్లు. రెండు నెలలు తిరిగేసరికి, 2023 ఫిబ్రవరి 11న, అదే ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పందెమాడాయి. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వాటికి మార్చే గేర్లే లేవు! విద్యుత్ మోటారు నిలిచి వున్నప్పుడే పూర్తి టార్కు యిస్తుంది, ఊపిరాడకపోవటం అన్నది దానికి లేదు గనుక ఒక్క గేరు చాలు. ఆ డ్రైవరు లెక్కపెట్టుకునేది బ్యాటరీలో మిగిలినదాన్ని. మరుసటేడు జరగవలసిన పందెం రద్దయింది.

తమ కారుకు ముహూర్తం తామే పెట్టుకోదలచినవారు చెయ్యవలసింది పెద్దగా లేదు. కంపెనీ పుస్తకంలో గేర్ల నిష్పత్తులుంటాయి. టార్కు గీత డైనమోమీటరు వున్న షెడ్డులో అరగంటలో తీసి యిస్తారు. మిగిలింది గుణకారం. అది కుదరకపోతే, మూసివున్న బాట మీద ఒక్కొక్క గేరునూ ఒక్కొక్క చోట మారుస్తూ, ఒకే దూరానికి పట్టిన కాలాన్ని నాలుగైదుసార్లు రాసుకోవాలి. సగటు కడితే తేడా బయటపడుతుంది.

మూసివున్న బాట అని ఎందుకంటున్నానంటే, మన కాగితపు కారుకు నాలుగు చుట్లకు ఒక తిప్పు లెక్కన వెనుక ఇరుసు గేరూ, మామూలు చక్రాలూ పెట్టి చూస్తే, ఎర్రగీత దగ్గర ఒకటో గేరులో వేగం 57 కిలోమీటర్లు, రెండోదానిలో 97, మూడోదానిలో 134. నాలుగునుంచి ఐదుకు మార్చవలసిన చోట 164. ముత్తంగి దగ్గర ఎక్కే ఔటర్ రింగు రోడ్డు మీద కార్లకు హద్దు 120. అంటే మూడో గేరు పూర్తికాకముందే చట్టం దాటిపోతుంది. ఇంతసేపూ మనం తంటాలుపడి లెక్కకట్టిన 6,800 చుట్ల ముహూర్తం యీ జిల్లాలోని ఏ రోడ్డు మీదా రాదు. ముంబై రోడ్డు మీద ఇస్నాపూర్ చౌరస్తాలో, షిఫ్టు వదిలిన వేళ, రెండో గేరు దాటటమే గగనం. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల బాట వుంది, కోయంబత్తూరులో కరివర్ధన్ పేరిట వున్నది వుంది. అక్కడ శిరస్త్రాణం పెట్టుకుని దిగేవారికి నాలుగో గేరు 6,800 ఎలా వుంటుందో తెలుస్తుంది.